ఎంతకిస్తవే?

పదకొండున్నర దాటింది, ఇల్లంతా పడుకుంది, నాకు మాత్రం ఒక్క మాట చెవిలోంచి పోవడం లేదు. ఇంటికొచ్చిన దోస్తులకు నేను చేసిన నాన్ ఖటాయి బిస్కెట్ల డబ్బాలు ఇస్తే, "ఎంతకిస్తవే డబ్బా?" అంది మా కాజీపేట దోస్తు. ఇంకా మూత తీయలేదు, ఒక్కటైనా నోట్లో వేసుకోలేదు, ముందు అదే అడిగింది.

నిన్న సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టిన పని అది. నాన్ ఖటాయి చూడ్డానికి తేలికగా ఉంటుంది కానీ నెయ్యి దగ్గరే అంతా ఉంది. పేరుకున్న నెయ్యే కావాలి, కరిగింది పోస్తే ఓవెన్‌లో పెట్టగానే జారి అట్లలా పరుచుకుంటాయి. అర కిలో మైదాకు 300 గ్రాముల నెయ్యి, అంతే చక్కెర పొడి, గుప్పెడు శనగపిండి, యాలకులు, చిటికెడు వంటసోడా. నెయ్యీ చక్కెరా కలిపి తెల్లగా నురగలా అయ్యేదాకా చేత్తోనే తిప్పాను, భుజం ఇప్పటికీ లాగుతోంది. మా ఓవెన్ సంగతి మీకు తెలిసిందే, వెనకవైపు వేడి ఎక్కువ, సగం కాలాక పళ్లెం తిప్పి పెట్టాలి. మొదటి వాయి అడుగు మాడింది, అవి మా ఇంట్లోకే. మిగతా మూడు వాయలు బాగా వచ్చాయి, పైన సన్నగా పగిలి, చల్లారాక నోట్లో పెడితే ఇట్టే కరిగిపోయేలా.

డబ్బాలు కూడా నేనే చేశాను. అటక మీది పాత పెండ్లి కార్డులున్నాయి కదా, ఆ గట్టి అట్టతో మడిచి, లోపల బటర్ పేపర్ వేసి, పైన కొత్తవాడ నుంచి తెచ్చుకున్న నూలు దారాలతో కట్టాను. కొత్తవాడ షత్రంజీలు, అదే 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలు, వాటి మగ్గాల దగ్గర మిగిలే ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి ముక్కలు. ఎవరికి ఏ రంగు ఇష్టమో గుర్తు పెట్టుకుని కట్టాను, ఆమెకు ఆకుపచ్చ. లాగితే ఊడొచ్చే ముడి అది. ఆమె కత్తెర అడిగి తీసుకుని కట్ చేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. తిన్నంతసేపూ అదే. పావుకిలోకి రెండొందలు పెట్టుకో అంది, పెండ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులుగా ఇయ్యొచ్చు అంది, ఫోటో తీసి మిగతావాళ్లకు కూడా చూపిస్తూ "మీరైతే ఎంతకు కొంటరు?" అని వాళ్లనూ అడిగింది. దోస్తులకు పెట్టేదానికి రేటేంది? నేను నవ్వి చాయ్ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగానే.

బాపమ్మ ఉంటే ఏమనేదో అనుకుంటూ కూర్చున్నాను ఇందాకటి నుంచి. ఎండాకాలం సెలవుల్లో వరంగల్ మట్టెవాడలో బట్టీకి తీసుకుపోయేది నన్ను. అప్పట్లో ఇండ్లల్లో ఓవెన్‌లు ఎక్కడివి, మైదా, చక్కెర, డాల్డా మనమే పట్టుకుపోతే బేకరీ బట్టీలో బిస్కెట్లు కాల్చి ఇచ్చేవాళ్లు, కిలో పిండికి ఇంత అని కూలి. పొద్దున్నే పోయి స్టూలు మీద కూర్చునేది బాపమ్మ, మన పిండి మనకే రావాలని చూపు తిప్పేది కాదు. పొడుగాటి కట్టె గరిటెతో రేకులు లోపలికి తోసేవాళ్లు, బయటికి లాగినప్పుడు ఆ వాసన వీధి చివరిదాకా. రేకు డబ్బా నిండా పోయించుకుని రిక్షాలో నా ఒళ్లో పెట్టేది, తొడలు కాలినా దింపేదాన్ని కాదు. ఇంటికొచ్చాక పేపర్ పొట్లాలు కట్టి ఇంటింటికీ పంచింది నేనే. అందుకే మరి, పంచేదానికి లెక్క ఉండదని నా మనసులో పడిపోయింది.

ఇదంతా రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది, ఇన్నేండ్లూ ఎందుకు గుర్తు రాలేదో. ఆ వీధి మూలన బీడీలు చేసే ఒకామె ఉండేది, ఒళ్లో చాట, చాటలో తంబాకు, ఆకులు. ఆమె ఇంటికి పోయినప్పుడు మాత్రం పొట్లం పెద్దది ఉండేది, ఆమె నా గుప్పిట్లో పైసలు పెట్టేది. తెచ్చి ఇస్తే బాపమ్మ లెక్కపెట్టి కొంగున ముడేసుకునేది. అంటే ఆమె పిండి కూడా కలిపి కాల్పించి, బట్టీ కూలితో పాటు తన కూలి కూడా తీసుకుంది బాపమ్మ! ఆ తర్వాతి ఎండాకాలం ఇంకో రెండిండ్ల పిండి కూడా మాతో పాటు రిక్షా ఎక్కింది. ఆ బీడీల ఆమె, బాపమ్మ సాయంత్రం అరుగు మీద ఎప్పటిలాగే ముచ్చట్లు పెట్టుకున్నారు. ఎవరి మొహమూ చిన్నబోలేదు.

మరి నాకెందుకు అంత గుచ్చుకుంది?

కాజీపేట ఆమె దసరాకు ఉద్యోగం మానేసింది. పోయిన నెల ఫోన్‌లో ఓవెన్ ఎంత పడింది, కరెంటు బిల్లు పెరిగిందా అని అడిగింది, నేను ఏదో మాటవరసకు అనుకున్నాను. హాస్టల్లో ఉన్నప్పుడు గరిజెల (కజ్జికాయల) అంచు ఆమె మడిచినట్టు మాలో ఎవరూ మడవలేకపోయేవాళ్లం, ఒక్కటి కూడా నూనెలో విడేది కాదు. ఆ చేతులకు ఈ పని ఎంతసేపు. ఫోటో తీసుకున్నది కూడా డబ్బా మడత ఎలా వేశానో చూసుకోవడానికేమో, మూలలే దగ్గరగా తీసింది. నేనే ఇంకో రకంగా తీసుకున్నానా అనిపిస్తోంది ఇప్పుడు.

అయినా ఆ కత్తెర మాత్రం నాకు నచ్చలేదు. ముడి లాగితే వస్తుందని చెప్పాను కూడా.

నిద్ర ఎలాగూ రాదని ఫోన్‌లో చూశాను. ఇంట్లో చేసి అమ్మాలన్నా ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐలో రిజిస్ట్రేషన్ కావాలట, చిన్న స్థాయిలో చేసేవాళ్లకు ఏడాదికి 100 రూపాయలు ఫీజు. మిగిలిన ఒక పెండ్లి కార్డు వెనక లెక్క రాశాను. నెయ్యి, మైదా, చక్కెర, యాలకులు, కరెంటు. అన్నీ వేశాను. నా చేతికి ఎంత వేయాలో అక్కడ పెన్ను ఆగిపోయింది, నాలుగు గంటలు, మూడు మంచి వాయలు, ఒక మాడిన వాయి. రేపు పొద్దున పిల్లలు బడికి పోయాక ఆమెకే ఫోన్ చేసి అడుగుతాను, ఎంత వేయమంటవే అని.