ఒక్క అక్షరం తేడా

పది రోజులుగా ఇంట్లో ఒకటే టాపిక్: 43 అంగుళాల టీవీ. చివరికి రెండు మోడళ్ల దగ్గర ఆగాం. ఒకే కంపెనీ, పేరులో ఒక్క అక్షరం తేడా, ధరలో రెండు వేలు. రెండూ 4కె, రెండూ 60 హెర్ట్జ్.

షాపులో ధర ఎక్కువదే ధగధగలాడిపోతోంది. నేను దాదాపు పడిపోయాను కూడా. తీరా సెట్టింగుల్లో చూస్తే దానికొక్కదానికే డెమో మోడ్ పెట్టి ఉంది! రెండింటినీ స్టాండర్డ్‌కి మార్పించాను. ఎదురుగా నిలబడితే తేడా చెప్పడం కష్టమే.

అసలు సంగతి పక్కకి జరిగాక తెలిసింది. ఖరీదైనదాని తెర (ప్యానెల్) వీఏ అనే రకం. నలుపు చక్కగా నల్లగా ఉంటుంది కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. రెండోదాని తెర ఐపీఎస్ అనే ఇంకో రకం. ఏ మూల నుంచైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, చీకటి సీన్లలో మాత్రం నలుపు కాస్త బూడిదరంగుకి తిరుగుతుంది. ఈ ముక్క అట్టపెట్టె మీద ఎక్కడా లేదు.

మా ఇంట్లో టీవీకి ఎదురుగా కూర్చునేది నేనొక్కడినే, అదీ రాత్రిళ్లు. అమ్మ వంటగది గుమ్మం దగ్గర కూరగాయలు తరుక్కుంటూ సీరియల్ చూస్తుంది. నాన్న పడక్కుర్చీ కిటికీ పక్కన.

ఐపీఎస్‌దే తీసుకున్నాం. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, మిగిలిన డబ్బుతో సౌండ్‌బార్ కొందామన్నాను.

"పక్కింటివాళ్లకి కూడా వినిపించాలా నాయనా?" అంది అమ్మ.