ఊరూ పేరూ ఉన్న క్లిప్పింగులు

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పేపర్ క్లిప్పింగుల్లో చాలావాటికి తేదీ ఉండదు, ఏ జిల్లా ఎడిషనో తెలియదు. వాదన మొదలయ్యాక 'అసలిది ఎప్పటిది?' అన్న దగ్గరే అరగంట పోతుంది. ఈ-పేపర్‌లో గడి గీసి కత్తిరించినది బొమ్మగా వస్తుంది కాబట్టి అందులోని మాటలు వెతికినా దొరకవు. బొమ్మే పంపక తప్పదనుకుంటే కింద ఒక్క వరుస టైప్ చేయండి: పత్రిక, తేదీ, ఎడిషన్, పేజీ నంబరు. అదే వార్త వెబ్‌సైట్‌లో అక్షరాలుగా ఉంటే మాత్రం బొమ్మ జోలికి వెళ్లొద్దు.

ఒక్క వాక్యం చూపించాలంటే క్రోమ్‌లో ఆ వాక్యం సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో 'కాపీ లింక్ టు హైలైట్' నొక్కితే చాలు. ఆ లింకు తెరిచినవాళ్లకు పేజీ నేరుగా ఆ వాక్యం దగ్గరకు జరిగి, అది రంగుతో కనిపిస్తుంది. సఫారీ, ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్లలోనూ ఈ లింకు పనిచేస్తుంది. తెలుగులో లింకు చాంతాడంత అవుతుంది, కంగారు పడకండి. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ (అక్షరం లేదా గుణింతపు గుర్తు) 3 బైట్లు. చిరునామాలోకి వెళ్లేసరికి ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. 'తెలంగాణ'లో ఎత్వం, సున్నా, దీర్ఘం విడివిడిగా లెక్కేస్తే 7 కోడ్‌లు, అంటే లింకులో 63 అక్షరాలు. అందుకే పొడవాటి వాక్యం కన్నా, ఆ పేజీలో మరెక్కడా రాని నాలుగైదు మాటలు ఎంచుకోవడం మేలు. సైటువాళ్లు ఆ మాటలు మార్చేస్తే తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు. పేజీ మామూలుగా పైనుంచి తెరుచుకుంటుంది, అంతే. తెలుగు వికీపీడియా వ్యాసమైతే ముందు 'శాశ్వత లంకె' తెరిచి అక్కడినుంచి కాపీ చేయండి, రేపు ఎవరు దిద్దినా మీరు చూసిన కూర్పే ఉంటుంది.

చూపించడంతో సరిపోక పదిమంది కూర్చుని చర్చించాలంటే వెబ్ పేజీ మీదే వ్యాఖ్యలు రాసుకోనిచ్చే హైపోథిసిస్ లాంటి సాధనం కావాలి. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని ఖాతా తెరిచాక, వాక్యం సెలెక్ట్ చేయగానే రెండు బటన్లు వస్తాయి. 'హైలైట్' మీకు మాత్రమే కనిపించే గీత. 'ఆనొటేట్' నొక్కితే పక్క పట్టీలో వ్యాఖ్య రాసే పెట్టె తెరుచుకుంటుంది, దాని కింద మిగతావాళ్లు జవాబులు రాయొచ్చు. రాసే ముందు పట్టీ పైన గ్రూపు పేరు చూసుకోండి. అక్కడ 'పబ్లిక్' అని ఉంటే లోకమంతా చదువుతుంది. పైగా పబ్లిక్ వ్యాఖ్యలు హక్కులన్నీ వదులుకునే సీసీ0 లైసెన్సు కిందకు వస్తాయి, ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చు. ప్రైవేటు గ్రూపు అన్నా సరే, ఆహ్వానం లింకు చేతికందిన ప్రతివాళ్లూ లోపలికి రాగలరు. ఆ లింకును పెద్ద వాట్సాప్ గ్రూపులో పడేశాక అది ప్రైవేటు ఎలా అవుతుంది?

వ్యాఖ్య వాక్యాన్ని ఎలా పట్టుకుని ఉంటుందో తెలిస్తే సగం చిక్కులు తీరతాయి. మీరు సెలెక్ట్ చేసిన మాటలు, వాటికి ముందూ వెనకా 32 అక్షరాల చొప్పున, పేజీలో అవి ఉన్న స్థానం, ఇవన్నీ కలిపి హైపోథిసిస్ దాచుకుంటుంది. చిన్న దిద్దుబాటు జరిగినా దగ్గరి పోలికతో వెతికి పట్టుకుంటుంది. వాక్యమే ఎగిరిపోతే వ్యాఖ్య 'ఆర్ఫన్స్' అనే ట్యాబులోకి పోతుంది, మీరు ఎత్తిన మాటలు మాత్రం దాంతోనే ఉంటాయి. కాబట్టి ఒక్క పదం సెలెక్ట్ చేసి వ్యాఖ్య పెట్టడం పిసినారితనం. వాక్యం మొత్తం పట్టుకోండి. ముఖ్యమైన పేజీ అయితే చర్చ మొదలుపెట్టకముందే వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' ద్వారా ఒక ప్రతి దాచి, ఆ లింకును మొదటి వ్యాఖ్యలో పెట్టండి.

'నువ్వు రాసింది నాకు కనపడట్లేదు' అన్న ఫిర్యాదు వస్తే ముందు ఇద్దరూ ఒకే గ్రూపు ఎంచుకున్నారా చూడాలి, తర్వాత చిరునామా. వ్యాఖ్యలు పేజీ చిరునామాకు అతుక్కుంటాయి. ఒకరు మొబైల్ పేజీ, ఇంకొకరు కంప్యూటర్ పేజీ తెరిస్తే, ఆ రెండూ ఒకటేనని సైటు తన కోడ్‌లో చెప్పుకోకపోతే, ఒకే వార్త మీద రెండు వేర్వేరు చర్చలు నడుస్తాయి.

అసలు తలనొప్పి తెలుగు పీడీఎఫ్‌లతో. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో కూర్చిన ఫైలులో కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది, కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ చిత్రమైన గుర్తులూ వస్తాయి. లోపల అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ లేదు మరి. వ్యాఖ్య పెట్టొచ్చు గానీ పట్టీలో ఎత్తిన వాక్యం గజిబిజిగా ఉంటుంది, తెలుగులో వెతికితే ఏదీ తగలదు. స్కాన్ చేసిన ఫైలైతే సెలెక్ట్ చేయడానికే అక్షరాలుండవు. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే (ఓసీఆర్) టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు మోడల్ ఉంది. దాంతో ఓసీఆర్ చేసి అక్షరాల పొర చేర్చుకోవచ్చు. వత్తులు, ప-వ, మ-య జంటలు ఒకసారి కళ్లతో సరిచూసుకోండి. వరస మాత్రం తప్పకూడదు: ముందు ఓసీఆర్, తర్వాత అదే ఫైలు అందరికీ పంపడం, ఆ తర్వాతే చర్చ. పీడీఎఫ్‌ను హైపోథిసిస్ దాని లోపలి వేలిముద్రతో గుర్తుపడుతుంది గనుక ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా వ్యాఖ్యలు కనిపిస్తాయి. మధ్యలో ఎవరైనా ఫైలు సైజు తగ్గిద్దామని మరో సాఫ్ట్‌వేర్‌తో సేవ్ చేస్తే ఆ వేలిముద్ర మారిపోవచ్చు.

వ్యాఖ్యలను తర్వాత వెతుక్కోవడానికి తగిలించే ట్యాగుల విషయంలో మొదటిరోజే ఒక మాట మీదకు రండి. 'తెలంగాణ', 'తెలంగాణా' రెండు ట్యాగులు. 'సాఫ్ట్‌వేర్' మధ్యలో కంటికి కనపడని విడదీసే గుర్తు ఉంటుంది, కొన్ని కీబోర్డులు దాన్ని పెట్టవు. అది ఉన్నదీ లేనిదీ వేర్వేరుగా లెక్కపడే సాధనాలున్నాయి. 'సాగునీరు' లాంటి పొట్టి మాటలతో ఈ గొడవ లేదు.

ఏ సాధనమూ శాశ్వతం కాదు, మీ వ్యాఖ్యల ప్రతి మీ దగ్గరుండాలి. లింకులు దాచుకునే పాకెట్ సేవ 2025 జులై 8న మూతపడింది. దాచుకున్న లింకులు బయటకు తెచ్చుకోవడానికి తర్వాత కొన్ని నెలలే గడువిచ్చారు. హైపోథిసిస్ పట్టీలో షేర్ గుర్తు కింద 'ఎక్స్‌పోర్ట్' ఉంది, కానీ అది తెరిచి ఉన్న పేజీ వ్యాఖ్యలే ఇస్తుంది. గ్రూపు మొత్తం కావాలంటే ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా సమాచారం అడిగే దారి) ద్వారా ఒక్కో విడతకు గరిష్ఠంగా 200 చొప్పున లాగాలి. కోడ్ రాయడం వచ్చినవాళ్లు గ్రూపులో ఒక్కరున్నా ఆ పని వాళ్లకు అప్పగించండి. లేకపోతే ఒక్కో పేజీ మీద చర్చ ముగిసిన రోజే ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైలు పేరులో తేదీ పెట్టి దాచండి.