కాంటాక్టు ఎందుకు కాలిందో చూడకుండా కొత్తది బిగించొద్దు

పెడల్ కొద్దిగా నొక్కితే బండి కదలదు, ఇంకాస్త నొక్కితే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. పాత 36 వోల్టుల గోల్ఫ్ కార్ట్‌లో ఇలా అయితే మోటారు విప్పే పని పెట్టుకోకండి. ముందు చూడాల్సింది పెడల్‌కు కడ్డీతో కలిసి ఉండే స్పీడ్ స్విచ్‌ని. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ లేని ఈ బండ్లలో వేగాన్ని అదుపు చేసేవి రెసిస్టర్ కాయిళ్లు, అంటే కరెంటును అడ్డుకుని తగ్గించే తీగ చుట్టలు. పెడల్ నొక్కేకొద్దీ వైపర్ ఆర్మ్ బోర్డు మీద వరసగా ఉన్న రాగి కాంటాక్టుల మీదుగా జరుగుతుంది. ఒక్కో మెట్టుకూ ఒక్కో కాయిల్ దారిలోంచి తప్పుకుంటుంది, చివరి కాంటాక్టు మీదికి వచ్చేసరికి కరెంటు ఏ కాయిల్‌నూ తాకకుండా మోటారుకు చేరుతుంది. పాత క్లబ్ కార్ డీఎస్ బండ్లలో ఈ స్విచ్‌నే వి-గ్లైడ్ అంటారు.

ఈ వరస మనసులో ఉంటే లోపం ఎక్కడుందో సగం తెలిసిపోయినట్టే. కాయిళ్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొదటి రెండు మెట్లలో కదలని బండి మూడో మెట్టు నుంచి చక్కగా నడిచిందంటే, రెండో కాంటాక్టుకూ మూడోదానికీ మధ్య ఉన్న కాయిల్ తెగి ఉండాలి, లేదా దాని కొన వదులై ఉండాలి. మధ్యలో ఒక్కచోటే పవర్ పోయి మళ్లీ వస్తే ఆ మెట్టు కాంటాక్టుదే తప్పు. అన్నీ బాగుండి పూర్తి వేగం మాత్రం అందకపోతే చివరి కాంటాక్టు కాలింది, లేదా ఆర్మ్ దాని మీదికి పూర్తిగా రావడం లేదు.

కాంటాక్టు నల్లబడితే అందరూ మురికి అనుకుంటారు. చాలాసార్లు అది మురికి కాదు, వదులు. లెక్క చూడండి: 150 ఆంపియర్లు పోయే చోట అర వోల్టు నష్టమైతే 75 వాట్ల వేడి పుడుతుంది, అదీ గోరంత జాగాలో. ఆ వేడికి ఆర్మ్ స్ప్రింగ్ మెత్తబడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. స్ప్రింగ్ నీలంగా మారిందంటే దాని పని అయిపోయినట్టే, చేత్తో లాగి చూస్తే బిగువుగా అనిపించినా సరే మార్చండి. ఒకే ఒక్క కాంటాక్టు కాలి పక్కవి బాగుంటే బోర్డు వెనక్కి వెళ్లి దాని నట్టు చూడాలి. అసలు కారణం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

విప్పే ముందు బండి తాళంచెవి తీసేసి, ఫార్వర్డ్-రివర్స్ లివర్ న్యూట్రల్‌లో పెట్టి, బ్యాటరీల ప్రధాన నెగటివ్ కేబుల్ తీసేసి దాని కొనకు టేపు చుట్టండి. ఉంగరం, చేతి గడియారం పక్కన పెట్టండి. ఆరు బ్యాటరీల మధ్య స్పానర్ జారి అడ్డంపడితే అది అక్కడే వెల్డ్ అయిపోగలదు, కాబట్టి స్పానర్ పిడికీ టేపు ఉండాలి. బండి అప్పుడే తిరిగి వచ్చి ఉంటే కాయిళ్లు చల్లారేదాకా ఆగండి. కేబుళ్లకు నంబర్లు వేసి, ఫోటో తీసుకుని, అప్పుడు విప్పండి.

కాంటాక్టు ముఖాన్ని లైటు వేసి దగ్గరగా చూడండి. బాగున్నదాని మీద గోధుమరంగు పొర, దాని మధ్యలో ఆర్మ్ జరిగిన మెరిసే బాట కనిపిస్తాయి. దాని జోలికి పోవద్దు. చెడిపోయిన దాని అంచున చిన్న గుంటలు, కరిగి గట్టిపడిన లోహపు బొట్లు, చుట్టూ ఊదారంగు వలయం ఉంటాయి. గుంటలు పైపైనే ఉంటే సన్నపళ్ల ఆకురాయితో సమంగా రాకి, చదునైన చెక్కకు చుట్టిన 400 నంబరు సాండ్‌పేపర్‌తో నునుపు చేసి, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. వేలితో పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రమవుతాయి, ఆర్మ్ ఆనే జాగా తగ్గిపోతుంది. గుంట పోవాలంటే మందంలో మూడో వంతు రాకాల్సి వస్తే ఆ కాంటాక్టు మార్చడమే మేలు. మారుస్తున్నప్పుడు ఆర్మ్ కొసన కాంటాక్టుకు ఆనే ముక్కను, అంటే బ్రష్‌ను కూడా మార్చండి. పాత బ్రష్ అరిగి గాడి పడి ఉంటుంది, కొత్త చదును ముఖం మీద రెండు గీతల్లాగా మాత్రమే ఆనుతుంది, కొద్ది రోజుల్లోనే కొత్త కాంటాక్టూ నల్లబడుతుంది. అన్నీ బిగించాక వరస మీద స్కేలు ఆనించి చూడండి. ఒక్కటి ఎత్తుగా ఉన్నా బ్రష్ దానికి తగిలి ఎగురుతుంది, ఎగిరిన ప్రతిసారీ మెరుపు.

రెండు కాంటాక్టుల మధ్య బోర్డు బొగ్గులా మారి, క్లీనర్‌కు కూడా ఆ నలుపు వదలకపోతే బోర్డే మార్చాలి. ఆ మసి మీదుగానే కరెంటు పాకుతుంది.

బోర్డు వెనక నట్లు బిగించేటప్పుడు తప్పకుండా రెండు స్పానర్లు వాడండి. ఒకటి లోపలి నట్టును కదలకుండా పట్టుకోవాలి, రెండోది పై నట్టును బిగించాలి. ఒక్క స్పానర్‌తో తిప్పితే కాంటాక్టు వెనకున్న మర కడ్డీ (స్టడ్) తిరిగి బోర్డు పగులుతుంది. కేబుల్ కొనన ఉండే లోహపు లగ్గు నల్లబడి, దగ్గరి తొడుగు పెళుసుగా ఉంటే అది రుద్దితే బాగుపడదు, తీసేసి కొత్తది వేయండి. ఆర్మ్ ఇరుసుకు కొద్దిగా గ్రీజు చాలు. మాన్యువల్ ఫలానా గ్రీజు అని ప్రత్యేకంగా చెబితే తప్ప కాంటాక్టు ముఖాలకు రాయొద్దు, మెరుపు (ఆర్క్) వేడికి మామూలు గ్రీజు మాడి మసి అవుతుంది.

కేబుల్ తిరిగి కలపకముందే పెడల్‌ను చేత్తో నెమ్మదిగా చివరిదాకా నొక్కి చూడండి. అప్పుడు బ్రష్ చివరి కాంటాక్టు మీద పూర్తిగా కూర్చోవాలి. సగం మాత్రమే ఆనితే పూర్తి కరెంటంతా ఆ సగం మీదే పడుతుంది, కడ్డీ పొడవు సరిచేయాలి. తర్వాత ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనక చక్రాలు లేపి స్టాండ్ల మీద ఉంచి, కేబుల్ కలిపి పెడల్ నొక్కండి. బ్యాటరీల కరెంటును మోటారు దారిలోకి కలిపే పెద్ద స్విచ్, అంటే సొలినాయిడ్, టిక్‌మనే శబ్దం మొదటి మెట్టులోనే రావాలి. దాన్ని ఆన్ చేసే చిన్న పెడల్ స్విచ్ (మైక్రోస్విచ్) ఆలస్యంగా పడితే కరెంటు పై మెట్టు నుంచి మొదలవుతుంది, ఆ కుదుపూ మెరుపూ కాంటాక్టులకే తగులుతాయి.

అంతా అయ్యాక పది నిమిషాలు బండి నడిపి, ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక్కో టెర్మినల్ చూడండి. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ ఇంకా వదులుంది. అన్నీ సమానంగా, ఎక్కువగా వేడెక్కితే తప్పు స్విచ్‌లో లేదు. పట్టేసిన బ్రేకులు, గాలి తగ్గిన టైర్లు మోటారు చేత ఎక్కువ కరెంటు తాగిస్తాయి. బలహీనమైన బ్యాటరీలైతే సొలినాయిడ్‌ను గట్టిగా పట్టలేక అది టకటకలాడుతుంది, దాని లోపలి కాంటాక్టులూ కాలుతాయి. సగం పెడల్ మీద ఎక్కువసేపు నడిపే అలవాటు కూడా మానాలి, ఆ మెట్టు కాయిల్, కాంటాక్టు అదే పనిగా కాగుతుంటాయి.

కొత్త కాంటాక్టులు వేశాక వారం తిరగకముందే నట్లు మరోసారి బిగించండి. వేడికి బోర్డు సర్దుకుని అవి కొంచెం వదులవుతాయి.