మైకు సంచితో విజయనగరం

శ్రీకాకుళంలో మాది మైకు సెట్ల వ్యాపారం. పెళ్లిళ్లు, అమ్మవారి పండగలు, ఎలక్షన్లు, ఏదొచ్చినా వెళ్తాం. మా తమ్ముడి కూతురు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేస్తోంది. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "పెదనాన్నా, రేపు సాయంత్రం నా కచేరీ. ఇవాళ కొత్త ఏసీ హాల్లో వాయించి చూశాం, మూడో వరసలో కూర్చున్న అమ్మకి మృదంగం తప్ప ఏమీ వినపడలేదట. నువ్వొస్తావా?" ఏడుపు ఒక్కటే తక్కువ. ఒక మంచి కండెన్సర్ మైకు, చిన్న స్టాండు, రెండు వైర్లు సంచిలో పడేసుకుని పొద్దున్నే ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లాను. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ ఆ రోడ్డు ఎంత పొడవో మా ఊరి వాళ్లకే తెలుసు.

పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల. కిటికీ పక్క సీటు దొరికింది, నిద్ర పట్టింది, చెప్పడానికి ఇంకేం లేదు.

ముందు కళాశాలకే వెళ్లాను. విజయనగరాన్ని విద్యల నగరం అంటారు గదా, నా వరకు ఆ పేరు ఈ ఒక్క చోటు వల్లే నిలబడింది. 1919లో విజయరామ గజపతిరాజు పెట్టించారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. కాలికి గజ్జె కట్టి, మైకు అనేదే లేని రోజుల్లో, హరికథ చెప్పి జనాన్ని కూర్చోబెట్టిన మనిషి. నా వృత్తికి ఆయన పెద్ద శత్రువు అని మా కుర్రాళ్లతో నవ్వుతూ అంటుంటాను. వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామినాయుడు గారు మొదట్నుంచీ ఉన్నారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఈ ఊళ్లో ఇంటింటికీ వెళ్లి మధుకరం ఎత్తుకుంటూ చదువుకున్నది ఇక్కడే. సుశీల గారూ ఇక్కడే.

అమ్మాయి ఒక గదిలో సాధన చేస్తోంది. నేను లోపలికి వెళ్లకుండా వరండా చివర్న నిలబడి విన్నాను. కల్యాణి ఆలాపన. కమాను తిరగేసే చోట వచ్చే చిన్న గరగర కూడా అంత దూరం వచ్చింది. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అయినా. అంటే వాయించేవాళ్లలో లోపం లేదు, వాయిద్యంలోనూ లేదు.

మధ్యాహ్నం ఆ హాలుకి వెళ్లాం. పేరు వద్దులెండి. పగలు అందులో ఏదో సెమినార్, సాయంత్రం ఆరింటికి కచేరీ. చూడ్డానికి ఎంత బావుందో చెప్పలేను. మెత్తటి కుర్చీలు, కాళ్లు కూరుకుపోయే తివాచీ, గోడల నిండా గుడ్డ చుట్టిన ప్యానెళ్లు, స్టేజీ వెనక రెండు మడతల వెల్వెట్ తెర. మా మరదలు చెవిలో అడిగింది, "ఏటి బావా, గోడలకి పరుపులు కుట్టీసారేటి?" దానికంటే బాగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. టీ టైములో అందరూ బయటికి పోగానే స్టేజీ అంచున నిలబడి ఒక్క చప్పట కొట్టాను. అలా కొట్టీ కొట్టకముందే చచ్చిపోయింది. చప్పుడు వెనక సాగే తోక లేదు.

ఇలాంటిదే తిరగేసిన కథ ఒకటి ఉంది. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఒక కొత్త లెక్చర్ హాలు కట్టుకుంటే అందులో మాట అయిదు సెకన్లకు పైగా మోగుతూనే ఉండేదట, ఒక మాట మీద ఇంకో మాట పడి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సబీన్ అనే కుర్ర లెక్చరర్‌కి ఆ పని అప్పజెప్పారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్లోంచి శబ్దాన్ని తాగేసే కుర్చీ దిండ్లు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం మోగించి, శబ్దం ఆగడానికి ఎంతసేపు పడుతోందో గడియారం పట్టుకుని లెక్కేశాడు. తెల్లారేసరికి దిండ్లు వాపస్. ఆ లెక్కతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాలు కట్టారు, అందులో జనం నిండాక కూడా శబ్దం రెండు సెకన్లకు కాస్త తక్కువగా నిలుస్తుంది. ఆర్కెస్ట్రాకి అదే సుఖం. ఉపన్యాసానికి ఒక సెకను చాలు, ఇంకా తక్కువైనా నష్టం లేదు. ఈ హాలు కట్టినవాళ్లు ఉపన్యాసాన్నే మనసులో పెట్టుకున్నారు, తప్పనను. కానీ పిలిచింది వయొలిన్‌ని.

పైగా స్పీకర్లన్నీ సీలింగులో. అమ్మాయి ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే నాదం నెత్తి మీంచి రాలుతుంది. మైకేమో పోడియం మీద పెట్టే వంగే మెడ మైకు, దాన్ని రెండడుగుల దూరంలో పెట్టారు. వినపడలేదని వాల్యూం పెంచితే వయొలిన్ కంటే ముందు ఏసీ హోరు వచ్చింది, ఆ తర్వాత కూత.

ఆపరేటర్ కుర్రాడికి పాతికేళ్లుంటాయి. "పర్మిషన్ లేదు సార్, సెట్టింగ్ మార్చకూడదన్నారు." నేను మీ లైన్ వాణ్నే తమ్ముడూ అని సంచి తెరిచి మైకు చూపించాను. కొంచెం మెత్తబడ్డాడు. వెల్వెట్ తెర పక్కకి లాగిస్తే వెనక శబ్దాన్ని తిప్పికొట్టే మామూలు సిమెంటు గోడ బయటపడింది, నాకు ప్రాణం లేచొచ్చింది. కింద తివాచీ చుట్టించి చెక్క మీదే ఒక పలచటి దుప్పటి వేయించాను. సీలింగు స్పీకర్లు పూర్తిగా ఆపించి ముందున్న రెండు బాక్సులే ఉంచాను. మైకుని వయొలిన్‌కి అడుగు దూరంలోకి తెచ్చాను. దూరం సగమైతే 6 డెసిబెల్స్ ఊరికే వస్తాయి, దానికి కరెంటు బిల్లు లేదు. మృదంగానికి మైకు తీసేయమంటే అది వాయించే అబ్బాయి మొహం మాడ్చుకున్నాడు. పది నిమిషాల తర్వాత ఒప్పుకున్నాడు.

మిగిలింది ఏసీ. ఆలాపన జరిగినంతసేపు బ్లోయర్ ఆపమని బతిమాలాను.

ఆరింటికి మొదలవ్వాల్సింది ఏడుకి మొదలైంది, ముఖ్య అతిథి గారి మాటలు అయ్యేసరికి. నేను వెళ్లి చివరి వరసలో, మూలన కూర్చున్నాను. కల్యాణి ఎత్తుకుంది. వరండాలో విన్నంత కాదు. గోడల ప్యానెళ్లు తినాల్సింది తినేశాయి. కానీ కమాను తిరగేసే చోట ఆ గరగర ఉంది, చివరి వరస దాకా వచ్చింది. జనం సెమినార్ ఫైళ్లతో విసురుకుంటున్నారు, ముందు వరసలో ఒకాయన జేబురుమాలు మెడ వెనక పెట్టుకున్నాడు, అయినా ఎవరూ లేవలేదు. తని, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, మొదలవగానే ఎవరు చెప్పారో ఏమో ధడేల్మని ఏసీ ఆన్ అయింది. మృదంగం దానికి లొంగే రకం కాదు గనక సరిపోయింది.

అయ్యాక పరిగెత్తుకుంటూ వచ్చింది. "పెదనాన్నా, వినిపించిందా?"

"గాంధారం దగ్గర ఒకసారి తడబడ్డావు, అదీ వినిపించింది" అన్నాను. మొహం చిట్లించి, వెంటనే నవ్వేసింది.

కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు దొరికి, ఊరు దాటాక చూసుకుంటే మైకు, వైర్లు ఉన్నాయి, స్టాండు లేదు. స్టేజీ మీదే వదిలేసి వచ్చాను. ఆ ఆపరేటర్ కుర్రాడే అమ్మాయికి ఇచ్చాడట, ఆదివారం తెస్తానంది.