బీరువా తాళాలగుత్తి, నా మొదటి పాట

మాది కంచరపాలెంలో రెండు గదుల వాటా. పోయిన వేసవిలో ముందు గదిలోనే కూర్చుని నా సొంత పాట ఒకటి రికార్డు చేశాను. పాట మూడున్నర నిమిషాలు, పట్టిన కాలం రెండున్నర నెలలు.

గిటారూ పాత ల్యాప్‌టాపూ ఇంట్లో ఉన్నవే. మైకునీ గిటారునీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అదే ఆడియో ఇంటర్‌ఫేస్, సెకండ్ హ్యాండ్‌లో 5,000కి దొరికింది. కండెన్సర్ మైకు 3,500, చెవుల్ని పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్లు 2,200, కేబులూ స్టాండూ కలిపి 1,300. అంటే మొత్తం 12,000. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ పేరు రీపర్. 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, ఆ తర్వాత నాబోటి వాళ్లకి 60 డాలర్లు. ఆ గడువులో పాట పూర్తయిపోతుందనుకున్నాను. కాలేదు, కొనక తప్పలేదు.

మొదటి రాత్రి మైకులోంచి చప్పుడే లేదు. అమ్మినతన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ నొక్కలేదు. కండెన్సర్ మైకుకి అటునుంచి కరెంటు అందితేనే పలుకుతుంది.

తర్వాత నా గొంతు నాకే ఆలస్యంగా వినపడటం మొదలైంది. పల్లవి అందుకుంటే హెడ్‌ఫోన్లో ఎవరో వెనకనుంచి వెక్కిరిస్తున్నట్టుంది, తాళం నిలవదు. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దపు ముక్కల (శాంపిళ్ల) సంఖ్య, 1024లో ఉంది. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన అదొక్కటే 23 మిల్లీసెకన్లు, వెళ్లిరావడానికి అంతకు రెట్టింపు. 128కి దించితే ఆ వేగం అందుకోలేక నా ముసలి ల్యాప్‌టాప్ పెనంమీద ఆవాల్లా చిటపటమంది. చివరికి ఇంటర్‌ఫేస్‌కున్న డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఆదుకుంది. దాంతో గొంతు కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా చెవికొస్తుంది, బఫర్ ఎంతున్నా పర్వాలేదు.

గది సంగతికొస్తే, మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే గోడలు తిరిగి కొట్టాయి. ఫోమ్ ముక్కలు కొనమని అందరూ చెప్తారు గానీ, ఆ పల్చటి ఫోమ్ పైస్థాయి శబ్దాలనే మింగుతుంది, గుయ్యిమనే గోల అలాగే ఉంటుంది. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు నాలుగున్నాయి. బట్టలారేసే స్టాండు మీద రెండేసి మడతలుగా వేసి నా వీపు వెనక పెట్టుకున్నాను. మైకు ముందువైపు నుంచి వచ్చేదే ఎక్కువగా తీసుకుంటుంది కాబట్టి, నా వెనక గోడకి తగిలి వచ్చే మోతే దానికి ఎక్కువగా చేరుతుంది.

"ఏట్రా అది, జొరమొచ్చినోడిలాగ బొంతల మధ్యన కూకున్నావు?" అంది అమ్మ.

జ్వరమొచ్చినట్టే ఉండేది కూడా. ఫ్యాన్ ఆపాలి, కిటికీ మూయాలి. విశాఖలో మే నెల ఉక్కపోత తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గిటార్ మెడ మీద వేళ్లు జారిపోయేవి. ఈ తేమ మైకుకీ మంచిది కాదని చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి దాని పెట్టెలో పడేశాను. పగలు విమానాలు, సాయంత్రం కుక్కర్లు, రాత్రి గూడ్సుబళ్లు. ఒంటిగంట దాటాక రెండు కూతల మధ్య ఎంత ఖాళీ దొరికితే అంతే మనది.

ఇక అసలు కథ బీరువాది. గిటార్ వింటుంటే అక్కడక్కడా సన్నగా 'జ్‌ర్‌ర్' అని ఒక చప్పుడు. కేబుల్ మార్చాను. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపాను. ఎప్పటినుంచో ఉన్న గుంయ్ మనే హోరు దాంతో పోయింది గానీ ఈ జ్‌ర్‌ర్ పోలేదు. తీగ గిటార్ మెడ మీది ఫ్రెట్‌కి (అడ్డంగా ఉండే లోహపు కమ్మీకి) తగులుతోందేమోనని కొత్త తీగలు కూడా వేయించాను, 450 దండగ. వారం తర్వాత గమనించాను, ఐదో తీగ ఖాళీగా మీటినప్పుడే వస్తోంది. అది 110 హెర్ట్జ్, అంటే సెకనుకి 110 కంపనాలు. హెడ్‌ఫోన్లు తీసి, ఆ ఒక్క తీగే మీటుతూ గదంతా చెవి పెట్టి తిరిగాను. మూలనున్న ఇనప బీరువా! దాని తలుపుకి వేలాడుతున్న అమ్మ తాళాలగుత్తి, ఆ స్వరం పలికినప్పుడల్లా రేకుమీద వణుకుతోంది. తాళాలు తీసేసి, తలుపు సందులో మడతపెట్టిన తువ్వాలు కుక్కితే గది ఒక్కసారి నోరుమూసుకుంది. పొద్దున్నే తాళాలు కనపడక అమ్మ ఇల్లంతా వెతికింది, అది వేరే సంగతి.

మిక్సింగ్, అంటే గొంతూ వాద్యాలూ సరిచూసి కలపడం, హెడ్‌ఫోన్లలోనే చేశాను. గొంతులో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశాను, హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ కొద్దిగా, గొంతు మార్మోగేలా చేసే రివర్బ్ ఉదారంగా. నాకైతే అద్భుతంగా ఉంది. మా బావకి షేర్ ఆటో ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దాకా వెళ్తూ దాని స్పీకర్లలో పెట్టించాను. ఇంజన్ మోతలో బేస్ ఎటు పోయిందో తెలీదు, మాటలు ఒక్కటీ అర్థం కావు.

"పాడింది నువ్వేనా బావా? నూతిలో పడ్డోడి కేకలాగుంది," అన్నాడు.

ఇంటికొచ్చి రివర్బ్ మూడొంతులు తీసేసి, గొంతు రెండు డెసిబెల్స్ పెంచాను. బేస్‌లో కొంచెం పైస్థాయి గరుకుదనం కలిపితే చిన్న స్పీకర్లలోనూ వినపడింది. అలా ఆ ఆటోలో నాలుగు ట్రిప్పులు తిరిగాను. నాలుగోసారి వెనక కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, మళ్లీ దించేసింది. అంత చాలనిపించింది. ఆ రాత్రే ఫైల్ పంపించేశాను.

ఇప్పుడు రెండో పాట మొదలైంది. భోజనాలయ్యాక నేను గిటార్ బయటికి తీస్తే చాలు, అమ్మ అడక్కుండానే తాళాలగుత్తి తీసి బొడ్డులో దోపుకుంటోంది.