రాత్రి రెండింటికి రాని గులాబీ రంగు

ఈ దేశంలో మంచినీళ్ల ప్లాంట్‌లో ఆపరేటర్‌గా చేరి ఆరేళ్లయింది. ఏం పని అని ఎవరైనా అడిగితే నీళ్లలో క్లోరిన్ కలుపుతాను అంటాను, "అంతేనా" అంటారు, నాకు మాత్రం చేరిన మూడో నెలలో వచ్చిన ఒక రాత్రి గుర్తొస్తుంది.

నైట్ షిఫ్ట్‌లో ఒక్కడినే ఉన్నాను. మా దగ్గర క్లోరిన్ గ్యాస్ కాదు, హైపో వాడతారు, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. అది కలిసిన కాసేపటికి నీళ్లలో ఎంత మిగిలిందో స్క్రీన్ మీద కనిపిస్తుంది, దాన్నే రెసిడ్యువల్ అంటాం. లీటరుకు 1.2 మిల్లీగ్రాములు ఉండాల్సింది 0.9కి వచ్చింది, ఇంకాసేపటికి 0.6. పంపు దగ్గరికి పరిగెత్తి చూస్తే అది ఎప్పటిలాగే టక్ టక్‌మని కొట్టుకుంటోంది. మీటరే తప్పు చూపిస్తోందనుకుని శాంపిల్ పట్టి డీపీడీ పొడి వేశాను. క్లోరిన్ ఉంటే నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి, ఎంత ఎక్కువుంటే అంత చిక్కగా. ఆ సీసాలో రంగు ఉందా లేదా అన్నట్టుంది.

సీనియర్‌కి ఫోన్ చెయ్యాలి. కానీ చెయ్యలేదు. ఇక్కడి భాష చదవగలను, మాట్లాడగలను, కానీ అర్ధరాత్రి ఫోన్‌లో, నిద్రలో ఉన్న మనిషికి, నా యాసలో, అదీ తప్పు నాదే అయితే? ఆ టెన్షన్‌తో మళ్లీ శాంపిల్ పట్టాను, మళ్లీ పొడి వేశాను. అలా పది నిమిషాలు పోయాయి. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చివరికి చేశాను. ఆయన నన్ను ఏమీ అనలేదు, "ఎన్ని నిమిషాల నుంచి?" అని మాత్రం అడిగారు, రెండో పంపు ఆన్ చేసి బయటికి వెళ్లే నీళ్లు తగ్గించమన్నారు. ఎందుకలా అడిగారో తర్వాత అర్థమైంది. క్లోరిన్ తగలగానే సూక్ష్మజీవులు చావవు, దానికి సమయం కావాలి, ఎంత మోతాదు అన్నదాన్ని ఎంతసేపు అన్నదాంతో గుణించి చూస్తాం. క్లోరిన్ పని చేసేదాకా నీళ్లు ఆగే కాంటాక్ట్ ట్యాంకులో ముందే ఉన్న నీళ్లకు సరిపడా క్లోరిన్ పడింది, వెనకాల వస్తున్నవాటికే పడలేదు, అవి బయటి పైపు చేరేలోపు మన చేతిలో ఉన్నది ఆ కాస్త సమయమే. పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల-క్షార స్థాయి, కూడా చూడాలి: 7 దగ్గర క్లోరిన్‌లో దాదాపు ముప్పావు భాగం బలమైన రూపంలో ఉంటుంది, 8 దగ్గర పావు భాగమే.

పంపులో జరిగిందల్లా గాలి చేరడం. హైపో నిలవ ఉంటే, ముఖ్యంగా వేడికి, విరిగిపోతూ ఆక్సిజన్ వదులుతుంది, ఆ బుడగలు పంపు తలలో నిండితే పంపు వాటినే నొక్కుతూ కూర్చుంటుంది, మందు మాత్రం ముందుకి కదలదు. శబ్దం విని నమ్మకూడదని ఆ రోజే తెలిసింది.

అలాగని భయంతో ఎక్కువ పోయడం కూడా పరిష్కారం కాదు. నీళ్లలోని ఆకుల, మట్టి తాలూకు సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిస్తే ట్రైహలోమీథేన్లు అనే హానికరమైన పదార్థాలు పుడతాయని 1974లో నెదర్లాండ్స్‌లో యోహానెస్ రూక్ చూపించారు. అందుకే ముందు నీళ్లను బాగా తేర్చి వడకట్టి, ఆ తర్వాతే క్లోరిన్ వెయ్యాలి. క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవికి మామూలు మోతాదు క్లోరిన్ పనికిరాదు, దానికి వడపోత, అతినీలలోహిత కాంతి కావాలి. ఓజోన్ బలమైనదే, కానీ నీళ్లలో మిగలదు, అందుకే పైపుల్లో దారంతా కాపలాకి చాలాచోట్ల ఏదో ఒక రూపంలో క్లోరిన్ ఉంచుతారు. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే.

ఇప్పుడు కొత్తవాళ్లకు నేనే పని నేర్పిస్తున్నాను, చాలామంది నాలాగే వేరే భాషవాళ్లు. మొన్న ఒక అబ్బాయి తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేశాడు, మాటలు తడబడుతున్నాయి, రెసిడ్యువల్ పడిపోతోందన్నాడు. వెళ్లి చూస్తే మీటర్‌కి నీళ్లు వెళ్లే సన్న గొట్టం మూసుకుపోయింది, అంతే. ఇద్దరం గొట్టం కడిగి, చేతి శాంపిల్ పట్టి, పొడి వేసి చూశాం, చక్కటి గులాబీ రంగు వచ్చింది.