గుణకం పట్టుకుంది
ఈ సెమిస్టర్‌లో మాక్రో ఎకనామిక్స్ మొదలైంది. దేశంలో ఏడాదిలో తయారయ్యే వస్తువులు, సేవల విలువంతా కలిపి చెప్పే జీడీపీ పాఠం చకచకా అయిపోయింది. (ఇంట్లో వండుకుంటే జీడీపీలోకి రాదట, అదే వంట హోటల్లో కొనుక్కుంటే వస్తుందట. అమ్మకి ఇంకా చెప్పలేదు.) నన్ను పట్టుకుని వదలనిది మాత్రం గుణకం (మల్టిప్లయర్), అంటే ఒకరు పెట్టిన ఖర్చు చేతులు మారుతూ మొత్తం ఆదాయాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే లెక్క. చేతికొచ్చిన ప్రతి 100లో 80 ఖర్చు పెడతామనుకోండి. ఆ 80 ఇంకొకరి ఆదాయం. వాళ్ళు అందులో 64 ఖర్చు పెడతారు, ఆ తర్వాతి వాళ్ళు 51.2... అలా పోతూ పోతూ మొదటి 100తో కలిపి అందరి ఆదాయం మొత్తం 500 దాకా వెళ్తుంది! పన్నులు, దిగుమతులు కలిపితే బాగా తగ్గుతుంది లెండి. అదే లెక్క వెనక్కి తిప్పితేనే భయమేస్తుంది. అందరూ ఒకేసారి ఖర్చు తగ్గించి పొదుపు మొదలుపెడితే అందరి ఆదాయమూ పడిపోతుందంటాడు ఆర్థికవేత్త కీన్స్. ఒక్కడు చేస్తే బుద్ధిమంతుడు, అందరూ చేస్తే మాంద్యం. వచ్చే వారం నుంచి వడ్డీ రేటుకీ ఆదాయానికీ ఉన్న సంబంధం చూపే ఐఎస్-ఎల్ఎమ్ గీతలట. వాటి సంగతి అప్పుడు చూద్దాం.